లేని చింతచెట్టు కాడ ఎడమకు

తండాలో దారులకు పేర్లుండవు. దారి పక్కన ఏది నిలబడి ఉంటే అదే దాని పేరు. అందుకే ఆదివారం సాయంత్రం పెదనాన్న కొడుకు రాహుల్ బండి మీద సూర్యాపేటకు తీసుకెళ్లి ఇంటర్ పరీక్షా కేంద్రం చూపించినప్పుడు, జమ్లీ తనకు తెలిసిన పద్ధతిలోనే దారి రాసుకుంది. పులి బొమ్మ దగ్గర కుడికి. తాళంకప్ప బొమ్మ దగ్గర ఎడమకు. ఎర్ర గొడుగు దాటాక నేరుగా.

సోమవారం రాహుల్ మిర్యాలగూడ రైసు మిల్లుకు డ్యూటీకి పోయాడు. తుంగతుర్తి నుంచి వచ్చిన బస్సు ఆమెను ఎనిమిదిన్నరకు దింపింది. తొమ్మిదైతే గేటు మూస్తారు. మూస్తే ఈ ఏడాది పోయినట్టే. ఏడాది పోతే చదువూ పోయినట్టేనని నాన్న ముందే చెప్పాడు, కోపంగా కాదు, రేపు వాన పడుతుందన్నట్టు.

బజారు మొదట్లో నిలబడి చూస్తే పులి లేదు. తాళంకప్పా లేదు. ఆ బొమ్మలన్నీ దుకాణాల షట్టర్ల మీదివి. నిన్న మూసి ఉన్నాయి, ఇవాళ పైకి చుట్టుకుపోయాయి. తండాలో ఉన్న ఒకే ఒక్క కొట్టుకు చెక్క తలుపు. బొమ్మలు కూడా పైకి పోతాయని ఆమెకు తట్టనే లేదు. పరీక్షకు ఫోను రానివ్వరని దాన్నీ ఇంట్లోనే పెట్టి వచ్చింది.

ఏదో ఒక సందు పట్టుకుంది. గళ్ల లుంగీలో గీతల్లా అడ్డంగా కొన్ని సందులు, నిలువుగా కొన్ని. ఏ మూల తిరిగినా అదే నీలం డ్రమ్ము, అదే మూసిన కిటికీ. మూడోసారీ ఆ డ్రమ్మే ఎదురైంది. ఇన్ని ఇళ్లున్నాయి, ఒక్క గొంతూ వినిపించడం లేదు.

ఒకరిని ఏదైనా అడగాలంటే జమ్లీకి చచ్చేంత సిగ్గు. అయినా అడిగింది. పెద్ద ఇంటి ముందు ఒక వడ్ల వ్యాపారి భార్య అరుగు కడుగుతోంది.

"గీడికెళ్లి సక్కగ పో బిడ్డా. చింతచెట్టు కాడ ఎడమకు తిరుగు. పిండి గిర్ని దాటంగనే నీ కాలేజి."

జమ్లీ ఆ చివరి దాకా పోయి తిరిగొచ్చింది. ఊపిరి అందడం లేదు.

"చింతచెట్టు యాడ లేదమ్మా."

ఆమె చెంబు కింద పెట్టి నవ్వింది. "చెట్టా? నేను గూడ సూడలే. కాపురానికొచ్చి పద్దెనిమిదేండ్లాయె. మా అత్త గట్లనే చెప్తుండె, నేను గట్లనే చెప్తున్న. అందరు చేరుకుంటనే ఉన్నరు గద."

లోపల గడియారంలో తొమ్మిదికి పది నిమిషాలు.

ఈసారి జమ్లీ చెట్టు కోసం వెతకలేదు, మనుషులను చూసింది. పాల క్యాన్లతో ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. ఖాళీ రోడ్డు నడిమధ్యన హ్యాండిల్ వంచి, దేన్నో చుట్టి, మళ్లీ సాపుగా పోయాడు. సంచీ పట్టుకున్న ముసలావిడ అక్కడే పక్కకు జరిగింది. కుక్క కూడా. ఒక్కరూ అటు చూడలేదు. వాళ్లు వదిలేసిన ఆ చోటు ముగ్గురు మనుషులు చేతులు కలిపి చుట్టేంత ఉంది.

జమ్లీ అటే నడిచింది. ముఖాన కొడుతున్న ఎండ ఒక్కసారిగా ఆగింది. భుజాల మీద నీడ పడింది. ఎక్కడినుంచో పులుపు వాసన. తలెత్తి చూడాలనిపించింది, కానీ ధైర్యం చాలలేదు. ఎడమకు తిరిగింది. ఆ సందులో షట్టరు తీయని సెల్‌ఫోన్ల దుకాణం తప్ప ఇంకేమీ లేదు. దాని లోపలి నుంచి పిండిమర బెల్టు తిరుగుతున్న టకటక చప్పుడు. అది ఆమెతో పాటు కొంతదూరం వచ్చి వెనకబడిపోయింది. ఎదురుగా కాలేజీ.

వాచ్‌మన్ గేటుకు చెయ్యేసి ఉన్నాడు. ఆమె దూరిన వెంటనే గేటు పడింది.

లోపల తనిఖీ వరుసలో ముందున్నది గీత, ఆమె క్లాసు పిల్ల. షేర్ ఆటోలో వచ్చి అప్పుడే దిగింది.

"ఆటోల నుంచి పిల్సిన, పలకలేదేందే?" అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎందుకట్ల తల వంచుకొని పోయినవ్? కొమ్మల కిందికెళ్లి దూరినట్టు."

తను తల వంచినట్టు జమ్లీకి గుర్తు లేదు. "నీకు ఇంకేమన్న కనవడ్డదా?"

"నువ్వొక్కదానివే ఉన్నవ్." గీత వరుసలో ఒకడుగు ముందుకు జరిగింది. "మధ్యల రెండడుగులు నువ్వు గూడ కనవడలే."

గంట కొట్టారు. జమ్లీ తన బల్ల వెతుక్కుని, హాల్‌టికెట్ నంబరు తప్పు లేకుండా రాసింది. మొదటి ప్రశ్న ఆమె చదివి వచ్చినదే. నాన్నకు చెప్పడానికి మంచి మాటే ఉంది.

ఇంకా ఐదు పరీక్షలున్నాయి. ఐదింటికీ ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. పోయేటప్పుడు రెండడుగులు, వచ్చేటప్పుడు రెండడుగులు.