లెక్కల పుస్తకంలో ఉడుత

చదవడంలో తడబడబోయే చిన్నపిల్లల్ని ముందే ఎలా గుర్తించాలో టీచర్లకు చూపించడం నా ఉద్యోగం. ఏ బడికి వెళ్ళినా "మా క్లాసులో అలాంటివాళ్ళు లేరండీ" అంటారు. ఒళ్ళు మండుతుంది. నేనేమన్నా అంటురోగం గురించి అడిగానా?

ఈ బడిలో ఒకటో తరగతి టీచరు ఇంకో అడుగు ముందుకేసింది. "మా చిలకని చూడండి మేడమ్! పుస్తకం వైపు చూడకుండానే చదివేస్తుంది!" అంది. తనేమందో తన చెవికే చేరినట్టు లేదు.

చిలక అంటే ముందు బెంచీలో కూర్చున్న రెండు పిలకల పిల్ల. లేచి నిలబడి, పుస్తకం తెరిచి, ఉడుత పాఠం గుక్క తిప్పుకోకుండా చదివేసింది. ఉడుత ఏడ్చే చోట ముక్కు కూడా ఎగబీల్చింది. క్లాసంతా ఆ పిల్ల వెనకాలే చదివింది. పుస్తకం మాత్రం తలకిందులుగా ఉంది.

దాన్ని మెల్లగా తీసుకుని, లెక్కల పుస్తకం చేతికిచ్చాను. చిలక అందులోంచి కూడా ఉడుత పాఠమే చదివింది. కూడికల పేజీ దాటేసరికి ఉడుత చెట్టెక్కేసింది. టీచరు చప్పట్లు కొట్టబోయి, నోట్లో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయింది.

"తెలివైన పిల్లండీ!" అంది ఏడుపు గొంతుతో.

"తెలివైంది కాబట్టే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. విన్నదల్లా బుర్రలో అచ్చుపడిపోతుంది. అక్షరాలే ఇంకా పట్టుబడలేదు. ఇప్పుడు వదిలేస్తే, పై తరగతిలో మొద్దు అని పేరు పెట్టేస్తారు."

నా సంచిలో అర్థంపర్థం లేని మాటలు రాసిన అట్టముక్కలుంటాయి. ఎవరూ ఎప్పుడూ విని ఉండరు కనక వాటి దగ్గర బట్టీ పనిచెయ్యదు. పిల్లలు ఆటలకు వెళ్ళాక చిలకకి ఒకటి చూపించాను. దానిమీద 'గిమిలి' అని ఉంది.

"దీన్లో ఉడుత లేదు" అంది చాలాసేపు చూసి. తర్వాత పక్కనే ఉన్న టీచరు వైపు తిరిగింది. "నాకు రాదని తెలిస్తే ఇంక చిలకా అని పిలవరా టీచర్?"

టీచరు గబుక్కున పిల్లల కుర్చీలో కూలబడింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి, కుర్చీ కిర్రుమంది. "ఎందుకు పిలవనే? కథలు చెప్పే పని ఎప్పటికీ నీదే. చదవడం మాత్రం మనిద్దరం కలిసి మొదలుపెడదాం."

రోజూ కాసేపు, కొన్నే అక్షరాలు, ఒక్కో శబ్దం పలికి మెల్లగా కలపడం, విసుక్కోకపోవడం. ఇంతే చెప్పాను. చెప్పడం తేలికే, చేసింది ఆవిడ.

మళ్ళీ వెళ్ళినప్పుడు చిలక గేటు దగ్గరే నా సంచి పట్టుకుని లాగింది. ఆ అట్టముక్క తనే వెతికి తీసింది.

"గి... మి... లి. గిమిలి!" అని, "అంటే ఏంటి మేడమ్?" అంది.

"దానికి అర్థమేం లేదమ్మా. ఉత్తుత్తి మాట."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. తలుపు దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న టీచరు వైపు పరిగెత్తింది.

"టీచర్! ఇది ఎవ్వరూ చెప్పలేదు! నేనే చదివా!"