పాకం పూసిన పెళ్లికూతురు, హైడ్రోజన్ బండి

"మంగళవారం మాత్రం నా జోలికి రాకండర్రా" అని ముందే చెప్పడం నా బుద్ధితక్కువ. మా ఆర్క్నీ దీవుల్లో పెళ్లి కుదిరిన మనిషిని స్నేహితులు ఎత్తుకుపోయి, ఒళ్లంతా బెల్లప్పాకం పూసి, ఈకలు అద్ది ఊరేగిస్తారు. దీన్ని బ్లాకనింగ్ అంటాం. తప్పించుకోవాలని అందరూ ఏదో ఒక సాకు చెబుతారు. అందుకే ఏ రోజు వద్దంటే సరిగ్గా ఆ రోజే పట్టుకుంటారు.

నాది సాకు కాదు. మా స్కెల్సే దీవిలో గాలికి కొదవలేదు కానీ, కరెంటును దీవి బయటికి మోసుకెళ్లే తీగకే బలం చాలదు. అందుకని సగం రోజులు గాలిమరను ఆపేసేవాళ్లు. టోపీలు ఎగిరిపోయే గాలిలో ఆ రెక్కలు కదలకుండా నిలబడితే నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మిగులు కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తున్నాం. సిలిండర్ల బండి నడిపే లైసెన్సు దీవిలో నాకొక్కదానికే ఉంది. ఆ మంగళవారం మొదటి బండి పొద్దుటి ఓడలో కిర్క్‌వాల్ పట్నం రేవుకు చేరాలి. చేరితే రేవువాళ్లు ఏడాది పొడవునా కొంటారు. లేకపోతే ప్లాంటు మూతే. అప్పుడు నేనూ, నన్ను చేసుకోబోయే రోవనూ ఆ పట్నంలో అద్దె ఇంట్లో కాపురం పెట్టాలి. దీవి వదిలి బతకడం నావల్ల కాదు.

ప్లాంటు గేటు దగ్గరే నన్ను పట్టుకున్నారు. ముందుంది మా పిన్ని కూతురు రూనా.

"ఒసేయ్ రూనా, దించవే! ఇవాళ బండి పంపాలి!"

"పంపుదువులేవే! మా అక్క కూడా తన వంతు వచ్చినప్పుడు ఆవు ఈనుతోందని ఏడ్చింది. వెళ్లి చూస్తే ఆ ఆవు హాయిగా గడ్డి మేస్తోంది!"

నెత్తిన పాకం కుమ్మరించి, దిండు చింపి ఈకలు చల్లారు. ట్రాక్టరు వెనక ట్రాలీలో కట్టేసి, గిన్నెలు వాయిస్తూ దీవంతా తిప్పారు. కోపంతో అరుస్తూనే నవ్వు ఆపుకోలేకపోయాను. రేవు దగ్గరికి వచ్చేసరికి ఓడ నిలబడి ఉంది. పైనుంచి ఓడవాడు స్టూవీ కేకేశాడు.

"మెరన్! నీ బండేదీ?"

రూనా చేతిలోని గరిటె జారిపోయింది. "నిజంగా ఇవాళేనా?"

"పొద్దుట్నించీ నేను మొత్తుకుంటున్నది మరేంటే!"

ట్రాక్టరును ప్లాంటుకు తిప్పారు. గేటు దగ్గర ప్లాంటు చూసుకునే మాన్సీ బాబాయి చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. "ఈకలతో లోపలికి అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతా! అవి రాసుకుని ఒక్క రవ్వ పుట్టిందంటే గాలిమరతో సహా లేచిపోతాం."

"స్నానం చేసేంత టైము లేదు బాబాయ్!"

"ఎదురుగా అంత సముద్రం ఉన్నది ఎందుకే?"

రూనా నా చెయ్యి పట్టుకుంది. "తప్పు నాది. పద." ఇద్దరం గట్టు మీంచి దూకేశాం. నీళ్లు ఎముకలు కొరికాయి. ఎవరో విసిరిన చీపురు అందుకుని రూనా నా వీపు తోముతుంటే, ఒడ్డున మా ముఠా అంతా చప్పట్లు కొట్టింది. పొడి ఓవరాల్ తొడుక్కుని, గ్యాసు కారుతోందేమోనని సిలిండర్ల మూతలకు సబ్బునురగ రాసి చూశాను. ఎక్కడా బుడగ లేదు. బండి తీశాను. నా బండి ఎక్కేదాకా స్టూవీ ఓడ కట్టిన తాళ్లు విప్పుతూనే ఉన్నాడు; అతనికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

కిర్క్‌వాల్‌లో రేవు అధికారి హెడల్ గారు ముందు నడిచి దారి చూపించారు. బండి గొట్టాన్ని, హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ పెట్టెకు తగిలించాను. పక్కన కట్టేసిన ఓడలో డీజిల్ ఇంజను ఆపేశారు. రేవంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఓడ దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ వృథాగా పోయిన మా గాలి అది!

హెడల్ గారు నా చెవి వెనక అంటుకున్న ఈకను పీకారు. "పెళ్లెప్పుడమ్మాయ్?"

"శనివారమండీ."

"అయితే వచ్చే మంగళవారం బండి రాదేమో?"

"ఎందుకు రాదండీ? పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని మరీ తెస్తాను!"

"అలాగైతే ఏడాదంతా తెస్తూనే ఉండు," అని ఆయన పడీపడీ నవ్వారు.

నేను ఆయన్ని వాటేసుకున్నంత పని చేసి, రోవన్‌కు ఫోన్ కొట్టాను.

"పట్నంలో ఆ ఇల్లు వద్దని చెప్పెయ్ రోవన్. మనం ఇక్కడికి రావట్లేదు."