మోడమొస్తే అరవాల

మంగళూరు రేవు దాటి రెండు దినాలాయ. ఐజాక్ ఇంకా కక్కుతానే ఉండాడు. రామాంజి కూచుంటే లేస్తాడు, లేస్తే కూచుంటాడు. నడిచేదానికి నేల లేదు, అదే వాని జబ్బు.

ఈరన్నతో కలిపి మేం నలుగురం, కళ్యాణదుర్గం కాడి సేద్యగాళ్లం. బోర్లు ఎండినాయి, చెనిక్కాయ పైరు మాడింది, రేవులో మూటలు మోయను పోయినాం. దీవులకు బియ్యం తీసుకుపోయే తెరచాప పడవకు మనుషులు కావాలంటే, "మేమొస్తాం" అని అందరి తరపునా అరిచింది నేనే. అరిచేది నాకలవాటు.

పడవ నడిపే తండేలు కరీం సాబ్ రేవులో మా జిల్లా కూలీలతో తిరిగి తెలుగు నేర్చినోడు. పాతోళ్లు చేపల బోట్లకు పోతే గతిలేక మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పొద్దున్నే తేల్చి చెప్పినాడు.

"ఏమప్పా, తాడు లాగమంటే ఎద్దును లాగినట్ల లాగతారు. ఇంకొక్క తప్పు చేస్తే పడవ తిప్పుతా. మీ ఊరికి పోండి."

"ఊరికి పోయి ఏం తినాల సాబ్, మన్నా?" అన్నా.

"అది నాకేం తెలుసు?"

ఆయన చుక్కాని కాడ ఉంటే తెరచాప అడ్డమొచ్చి ముందు కనపడదు. అందుకే ఈరన్నను ముందు కొనమీద కూచోబెట్టినాడు. "దుంగ, వల, ఓడ, ఏది కనపడినా అరువు. చాప దించే టైం నాకుండాల."

మధ్యాన్నం ఈరన్న లేచి నిలబడినాడు. అరవలే. నేనూ చూస్తి. బర్రెల మంద లేచినట్ల ఆకాశం అంచున నల్లగా మోడం! రామాంజి లేచి కూచునేది మానుకున్నాడు. ఐజాక్ కక్కేది మర్సిపోయి తలెత్తినాడు.

"ఎన్నేండ్లాయ అన్నా, ఇట్లాంటి మోడం చూసి!" అన్నాడు.

నలుగురం నోరు తెరుచుకుని నిలబడితిమి. అంతలోకే గాలి కొట్టింది. పడవ పక్కకు ఒరిగింది, బియ్యం మూటలు జారినాయి.

"దించు! దించు!" వెనకనుంచి కరీం సాబ్ అరుపు.

తాడు రాలే. రామాంజి ఎద్దును గుంజకు కట్టే ముడేసినాడు, లాగేకొద్దీ బిగుస్తాది. ఐజాక్ కత్తితో కోసినాడు. చాప సగం నీళ్లల్లో పడింది. పైన వాన.

గాలి తగ్గినాక సాబ్ ఈరన్న చొక్కా పట్టుకున్నాడు. "కనపడలేదా?"

"కనపడె."

"మరి ఎందుకు అరవలే?"

"వానొస్తాంటే ఎవురన్నా అపాయమని అరుస్తారా సాబ్?"

ఆయన పోయి చుక్కాని తిప్పబోయినాడు. నేను దాన్ని గట్టిగా పట్టుకుంటి.

"తిప్పొద్దు! దుంగంటివి, వలంటివి. మోడమంటివా? మోడం కోసం మేం గంగమ్మకు పొట్టేళ్లు కొట్టినోళ్లం. ఈ ఐజాకోళ్లు చర్చిలో ఉపాసాలుండిరి. దానికి భయపడాలని మాకెవురు చెప్పినారు? చెప్పు. చెప్పినాక తప్పు చేస్తే తిప్పుకో."

తడిసిన గడ్డం పిండుకుంటా నన్నే చూసినాడు. చుక్కాని వదిలినాడు.

"మోడమొస్తే అరవాల," అన్నాడు. "నల్లగుంటే ఇంకా గట్టిగా అరవాల. ముడి ఇట్లెయ్యాల."

చేతులు బొబ్బలెక్కేదాకా ఆ ముడి వేస్తిమి, విప్పితిమి.

పొద్దు వాలేటప్పటికి ఇంకొక మోడం. అందరి కండ్లూ ఈరన్న మీదనే. మోడానికి రెండు చేతులూ జోడించినాడు.

"అరువురా, నీ యబ్బ!" అన్నాడు రామాంజి.

"మోడం! మోడమొస్తాండాది సాబ్!"

దొంగను చూసి అరిచినట్ల అరిచినాడు. ఒక్క లాగుకు ముడి విడిచింది. చాప దిగింది. గాలి పైనుంచి పోయింది.

"ఊ. చాప ఎక్కించండి," అన్నాడు సాబ్. పడవ తిప్పలే.

ఈరన్న మోడం దిక్కే చూస్తా గొణుగుతాండాడు. "కూటికోసం అరిస్తి తల్లీ, మనసులో పెట్టుకోవద్దు. మా ఊరి దిక్కు పో."

పోయిందో లేదో. మేం తాడు లాగతాండాం.