ఉమ్మి సాక్ష్యం

ఆదోనిలో ఆ నర్సింగ్ హోమ్‌లో పద్నాలుగేళ్లపాటు రక్తం ఏ గ్రూపంటే హమీదాబీ చెప్పిందే మాట. ఆ హమీదాబీని నేనే. ఎనభై ఆరులో ఎమ్మిగనూరు నుంచి సారమ్మ వచ్చింది. కర్నూలులో ట్రైనింగ్ చేసిందట. వచ్చిన వారానికే డాక్టరు శేషప్ప "సారమ్మా, నువ్వొకసారి చూడు" అనడం మొదలుపెట్టాడు. నా కడుపు మండిపోయింది. నా పేరు మరిచిపోయాడా ఏం, మహానుభావుడు!

ఆ గురువారం భీమక్కకు గర్భసంచి ఆపరేషన్. రక్తం ఎక్కించాలి. 'ఏ' రక్తాన్ని ముద్ద కట్టించే సీరం నా సీసాలోంచి ఒక చుక్క తీసి, ఆమె రక్తం కలిపాను. ముద్ద కట్టింది. 'ఏ' గ్రూపని రాసేశాను. 'ఏ' గ్రూపు రక్తమిచ్చే మనిషి వచ్చి చెయ్యి చాపి పడుకున్నాడు కూడా. అంతలో సారమ్మ తన సీసాతో చూసింది. ముద్ద కట్టలేదట, భీమక్కది 'ఓ' గ్రూపట!

"తప్పు రక్తం ఎక్కితే మనిషి పోతుంది. ఎవరిది నిజం?" అన్నాడు డాక్టరు.

"సీరాన్నే పరీక్ష సేద్దాం సార్," అంది సారమ్మ. "ఈ హమీదక్కది 'ఏ' గ్రూపు. సానామందికి రక్తంలో ఉండే ఆ 'ఏ' పదార్థం ఉమ్మిలోనూ ఉంటాది. ఉమ్మి కాచి ముందే సీరంలో కలిపితే, సీరం దాన్నే పట్టుకుంటాది. ఆమీద రక్తం ఏసినా ముద్ద కట్టగూడదు. కట్టిందంటే ఆ సీరంలో ఇంకేదో ఉన్నట్టే."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు పరీక్ష పెడుతోంది!

"ఊంచక్కా," అంటూ గాజు గొట్టం అందించింది. ఆమె మొహానే ఉమ్మినట్టు ఉమ్మాను.

కాచి, చల్లార్చి, రెండు సీరాల్లోనూ కలిపింది. ముందుగా తన సీరంలో నా రక్తం వేసింది. ఉమ్మి కలపని చుక్కలో ముద్ద కట్టిన ఆ రక్తం, ఉమ్మి కలిపినదాంట్లో కట్టలేదు. నా ఉమ్మి పనిచేస్తోంది. తర్వాత నా సీరంలో భీమక్క రక్తం వేసి, గాజుపలకను అటూ ఇటూ వంచింది. కట్టకూడదు యా అల్లా, కట్టకూడదు అనుకున్నాను.

కట్టింది. నా ఉమ్మే సారమ్మ పక్షాన నిలబడింది.

డాక్టరు రక్తమివ్వడానికొచ్చిన మనిషిని మంచం మీంచి లేపి పంపేసి, నా వైపు తిరిగాడు.

"అక్క తప్పేం లేదు సార్," అంది సారమ్మ గబగబా. "నిన్న కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయినాది. సీరం సెడిపోయింటాది."

డాక్టరు తలూపాడు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ నన్ను కాపాడేది కూడా ఆ పిల్లేనా? ఒళ్లు భగ్గుమంది.

"తప్పు కరెంటుది కాదు సార్," అన్నాను. "సీరం మబ్బుగా మారిండేది పొద్దున్నే సూసినాను. సారమ్మ సీసా అడగాలంటే నాకు మనసొప్పలేదు. దాంతోనే సేసినాను."

సారమ్మ తలుపు సందులోంచి భీమక్క మంచం వైపు చూస్తూ ఉండిపోయింది.