చెల్లని సంతకం

ఏభై కాగితాలు, ఒక దారం, రెండు ముళ్ళు. మొదటి ముడి కట్ట కోసం, రెండోది తన భయం కోసం. బల్ల అంచుకు కడుపు ఆనించి కట్టలమ్మ పొద్దుటి నుంచీ ఓట్ల కట్టలు కడుతూనే ఉంది. ఆమెది బడిలో ఆయా పని. ముప్పై ఏళ్ళుగా పార్లమెంటు ఎన్నికలు వచ్చినప్పుడల్లా లెక్కింపు హాలుకు ఆమెను పిలుస్తున్నారు. ఆమె కట్టిన కట్ట విడిపోయిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. అసలు పేరు బడి హాజరుపట్టీలో ఉండిపోయింది. మనుషుల నోళ్ళలో మాత్రం ఆమె కట్టలమ్మే.

బల్ల మీద పదకొండు గూళ్ళ చెక్కపెట్టె. పదకొండు పార్టీలు, పదకొండు గుర్తులు. నిచ్చెన, పడవ, తాళంచెవి గూళ్ళు పొంగి పొర్లుతున్నాయి. గొడుగు గూట్లో పట్టుమని పది కాగితాలు లేవు. వల తెర అవతల పార్టీల ఏజెంట్లు మెడలు సాచి చూస్తున్నారు. గొడుగాయనకి ఇవాళ వాన గట్టిగానే కొట్టిందని పడవ ఏజెంటు అన్నాడు. గొడుగు ఏజెంటు కూడా నవ్వేశాడు. ఏడవడానికైనా పక్కన మరో మనిషి ఉండాలి కదా, అతను ఒక్కడే వచ్చాడు.

కట్టలమ్మ నవ్వలేదు. ఇంట్లో మంచం మీద ఉన్న ఆమె పెనిమిటిది గొడుగు ఓటే. ఆయన బట్టల మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి. ఆ దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి కావలసింది పెట్టమని డాక్టరు చెప్పి నెల దాటింది. ఈ ఉదయం ఆమె చీర కుచ్చెళ్ళు సర్దుకుంటుంటే ఆయన కళ్ళు తెరిచాడు.

"నా ఓటు కనిపిస్తే చూసిరా."

"అన్ని లక్షల్లో నీ ఓటేదో నాకెట్లా తెలుస్తుందయ్యా? దాని మొహాన రాసుంటుందా?"

"తెలుస్తుందిలేవే" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులో కొట్టుకుపోయింది. దగ్గు తెరిపి ఇచ్చాక అన్నాడు: "నాకెటూ నూకలు చెల్లినట్టే. ఓటన్నా చెల్లిందో లేదో చెప్పు. అది వినేదాకా ఉంటాను."

పాడు మాటలు మాట్లాడకని కసిరి, కాపలా కూర్చోమని పక్కింటామెకు అప్పగించి, ఆలస్యమైపోతోందన్న కంగారులో "వెళ్తున్నా" అనేసి గడప దాటింది. నాలుగు ఇళ్ళ అవతలికి పోయాక తనన్న మాటేమిటో తట్టింది. మళ్ళీ వెనక్కి వచ్చి, గుమ్మంలోంచి "వెళ్ళొస్తా" అని సరిగ్గా చెప్పి వెళ్ళింది. అప్పటికే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆయన యాభయ్యో ఏట దాకా వేలిముద్ర మనిషే. మిల్లు మూసేసిన రోజు గేటు దగ్గర ఏదో కాగితం చదివి వినిపించి, అందరి చేతా ముద్రలు వేయించుకున్నారు. చదివింది ఒకటి, అందులో ఉన్నది ఒకటి. మా ఇష్టంతోనే పని మానుకుంటున్నామని అందులో ఉందట. ఆనాడు వీళ్ళ పక్షాన గేటు ముందు ఎండలో నిలబడ్డ ఒకే ఒక్క మనిషి గొడుగు పార్టీ ఆయన. ఆ సాయంత్రం పెనిమిటి ఇంటికొచ్చి బొటనవేలిని గోడకేసి రాసి రాసి తోలు లేపుకున్నాడు. చచ్చినా ఇంక ముద్ర వేయనన్నాడు. ఊడ్చే బడి గదుల్లో నల్లబల్లల మీద మిగిలిపోయిన అక్షరాలు చూసి చదువు నేర్చుకున్న కట్టలమ్మే ఆయనకు పంతులమ్మ అయింది. తన పేరు వరకు నేర్పింది. ఆయన మాత్రం తలకట్లు ఏ అక్షరానికా అక్షరానికి పెట్టేవాడు కాదు. అన్నీ రాశాక, మొత్తానికీ కలిపి పైన ఒకే గీత లాగేవాడు. తప్పయ్యా అంటే, "గోడలన్నీ లేచాకే కదే పైకప్పు వేసేది" అనేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అనుమానపు ఓట్ల ట్రే ఆఫీసరు ముందుకు వచ్చింది. చెల్లనివాటిని కట్టగట్టే పనీ ఆమెదే కాబట్టి దారం పుచ్చుకుని ఆయన పక్కన నిలబడింది. రెండు గుర్తుల మీదా ముద్ర పడ్డవి, అసలు ముద్రే పడనివి, ఒకదానిపై ఎవరో తిట్టు రాసినది. ఆఫీసరు ఒక్కొక్కటీ ఎత్తి ఏజెంట్లకు చూపించి, ఎర్రసిరా ముద్ర గుద్ది పక్కన పెడుతున్నాడు.

"దీన్ని చూడండి. గొడుగు పక్కన సంతకం పెట్టాడు మహానుభావుడు. ముద్ర లేదు, పైగా మనిషెవరో తెలిసిపోతోంది. చెల్లదు."

వల తెర వెనక నవ్వులు. నీలం సిరా. వణుకుతూ నడిచిన అక్షరాలు. వాటన్నిటి మీదా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే గీత.

పోలింగు రోజు ఆమెకు కళ్ళకు కట్టింది. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు ఆయన్ని కుర్చీలో మోసుకొచ్చి ఆమె పనిచేసే బడిలోనే దింపారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. పెళ్ళికొడుకులా ఆ ముస్తాబేమిటని ఆమె ఆటపట్టించింది. లోపల గుమస్తా కాగితం చేతికిచ్చి, "అట్ట తెర వెనక్కెళ్ళి ముద్ర వేయండి" అనడం ఆమె గుమ్మం దగ్గరనుంచి విన్నది. విన్నది గాని, ఆ మాట ఆయన చెవిన ఎలా పడుతుందో ఆలోచించలేదు. మొన్న చిలక్కొయ్యకున్న అదే చొక్కా జేబు మీద సిరా మరక చూసి, తెల్ల చొక్కా పాడుచేశావని దూరం నుంచే సాధించింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు, తనలో తను నవ్వుకుంటూ.

ఎర్రముద్ర పడింది, సరిగ్గా పైకప్పు మీద.

"ఏమ్మా, చెయ్యి ఆగింది?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్. ముడి జారింది."

"నీ ముడి జారడమేంటమ్మా!"

మా ఆయనది సార్ అనబోయి మానుకుంది. అంటే మాత్రం ఏమవుతుంది, ఆ నవ్వుకు ఒక మొహం చూపించినట్టవుతుంది. చెల్లని కట్టకు రెండు ముళ్ళు వేసి, ఎందుకో మూడోదీ వేసింది. దాన్ని సంచిలో వేసి లక్కతో సీలు పెట్టారు.

సాయంత్రం నిచ్చెన మనిషి గెలిచాడన్నారు. గొడుగుకు డిపాజిట్టు దక్కలేదు. దేశం మొత్తం మీద ఏ పార్టీకీ మెజారిటీ రాలేదనీ, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎన్నికలు తప్పవనీ చెప్పుకుంటూ ఏజెంట్లు చెప్పులు వెతుక్కున్నారు.

ఇంటి దారి పొడుగునా ఆమె ఒక్క మాటే సాధన చేసుకుంది. చెల్లింది. కనిపించింది, చెల్లింది. అబద్ధం ఆమెకు అలవాటు లేదు; చివర్లో గొంతు పలచబడకుండా చూసుకోవాలి.

వీధి మొదట్లోనే పక్కింటామె ఎదురొచ్చి, ఇందాకే నిద్రపట్టిందనీ, ఆమె ఇంకా రాలేదా అని రెండుసార్లు అడిగాడనీ చెప్పింది. కట్టలమ్మ కాళ్ళు కడుక్కుని మంచం పట్టెమీద కూర్చుంది. గొడుగాయన ఓడిపోయాడని ముందు చెప్పింది. ఓడినా పరువుగానే ఓడాడని చెప్పింది. ఇంక అసలు మాటకు వచ్చింది.

"నీ ఓటు కనిపించిందయ్యా. చెల్లింది."

గొంతు పలచబడలేదు. బాగానే చెప్పాననుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. పక్కింటి రేడియో ఎవరు ఎవరితో కలుస్తారో చెబుతోంది. చెయ్యి చల్లగా ఉంది. చాలాసేపు దాన్ని రుద్దింది, అది చలికే చల్లబడ్డట్టు.

తరవాత పక్కింటామెను కేకేసి, ఆయనకు తొడగడానికి చిలక్కొయ్య నుంచి ఆ మరక చొక్కాయే తీసింది. జేబులోంచి పెన్ను తీస్తే పాళీ బయటికే ఉంది. సిరా ఎండి గడ్డకట్టింది. మూత లేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది. పోలింగు మర్నాడు బడి గది ఊడుస్తుంటే, అట్ట నిలబెట్టిన బల్ల కింద చీపురుకు ఏదో తగిలింది. ఏ గుమస్తాదో, వెతుక్కుంటూ వస్తాడులే అని తీసి పెట్టింది. సెలవులకు తాళం వేసిన ఆ గదిలో, కిటికీ గట్టు మీద, నీలం పెన్ను మూత ఒకటి ఉంది.