చిన్నవారి ఆరోగ్యం

నోరు జారిన మాట వేరొకరి మెడకు చుట్టుకుంటే, ఆ తప్పు పలికిన నోటిదా, విన్న చెవిదా? కొలను గోడకు పట్టిన నాచును గీకుతూ మొసలి కాపరి తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదే. చెవిదేనని తేల్చుకుందామని మూడు రోజులుగా చూస్తున్నాడు. తేలడం లేదు.

ఆ దేశాధినేతకు కుక్కలంటే చులకన. అన్నం పెట్టిన ప్రతివాడికీ తోక ఊపుతాయని. అందుకే పొరుగు దేశం కానుకగా పంపిన జానెడు మొసలి పిల్లను ఏరికోరి పెంచుకున్నారు. ఇరవయ్యొక్క ఏళ్ళలో అది పన్నెండడుగులైంది. నివాసం వెనుక దానికొక అద్దాల గది, గదిలో కొలను, కొలనుకు వేడినీటి గొట్టాలు, వీటన్నిటికీ కలిపి ఒక కాపరి. విదేశీ అతిథులు వచ్చినప్పుడు అధినేత ఆ గట్టు మీదే కుర్చీలు వేయిస్తారు. అక్కడ కూర్చుంటే ఒప్పందాలు చిటికెలో కుదురుతాయని ప్రతీతి.

దాన్ని 'అది' అనకూడదు. అధినేతను 'పెద్దవారు' అనీ, మొసలిని 'చిన్నవారు' అనీ పేర్కొనవలసిందిగా ఆరేళ్ళ కిందట నివాస పర్యవేక్షకుడి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. మొసలి కన్నీరు అనే మాటను ఆనాటి నుంచే పత్రికలు మరిచిపోయాయి. 'చిన్నవారు స్నానం ముగించారు. చిన్నవారు రెండు కోళ్ళను ఆరగించారు.' రోజూ పుస్తకంలో ఇలా రాయడానికి కాపరికి మొదట్లో నవ్వు వచ్చేది. తరువాత అలవాటైంది. ఆ తరువాత, అలవాటైందన్న సంగతే మరుపున పడింది.

సోమవారం ఉదయం జరిగింది ఇంతే. బావమరిది ఇంటికి వచ్చాడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం అతనిది, ఎదుటివాడి మాటలో తప్పు పట్టడం పుట్టుకతో వచ్చిన విద్య.

"ఏం బావా, మొసలికేమో మీరు, నాకేమో ఒరేయా? నాక్కూడా తోకుంటే బాగుండేది," అన్నాడు చెప్పులు విడుస్తూనే.

"నీకు తోకెందుకురా, నాలుకే అంత పొడుగుంటే!" అని కాపరి పక్క గదిలోకి వెళ్ళి పశువైద్యుడికి ఫోన్ చేశాడు. కంగారులో ఉన్నాడు. కంగారులో 'చిన్న' అన్న ముక్క ఎగిరిపోయింది.

"వారు మూడు వారాలుగా ముద్ద ముట్టలేదండీ. కళ్ళు తెరవడం లేదు. ఒళ్ళు చల్లగా ఉంటోంది. ఈ వారం గట్టెక్కుతారన్న నమ్మకం లేదు. దయచేసి ఎవరితోనూ అనకండి."

బావమరిది ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. అచ్చాఫీసుకు వెళ్ళి ఒక్కడికే, ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. సాయంత్రానికి ఊరంతా ఒట్టు వేసింది. ఒక మంగలి ఆ పూట ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోకుండా గడ్డాలు గీశాడు. అధినేతకు కాలం దగ్గరపడిందన్న కబురు కోసం అన్నేళ్ళుగా ఒళ్ళంతా చెవులు చేసుకున్న ఊరు అది. మరునాడు పెద్దవారు టీవీలో నిక్షేపంగా చెయ్యి ఊపారు. ఆ రాత్రే బావమరిదిని పట్టుకుపోయారు.

మొసలికి వచ్చిన రోగమూ ఏమీ లేదు. వేడినీటి గొట్టం ఒకటి పగిలిపోయి నీళ్ళు చల్లబడ్డాయి. చల్లటి నీళ్ళలో మొసలి తినదు. ఇరవయ్యొక్క ఏళ్ళ అనుభవానికి ఆ మాత్రం తట్టలేదు. గొట్టం మార్చాక మళ్ళీ తింటోంది.

వెనుక తలుపు చప్పుడైంది. భార్య. జైలు కిటికీ దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

"వాణ్ణి చూశాను. ముందు పళ్ళు రెండు లేవు."

"నా పేరేమైనా..."

"అదే ముందడుగుతారని తెలుసు. చెప్పలేదు. ఎవరు చెప్పారంటే కల వచ్చిందని చెప్పాట్ట. ఎంత కొట్టినా కలే అన్నాట్ట." ఆమె గోడకు ఆనుకుంది. "రేపు పొద్దున రాతి గనులకు బండెక్కిస్తారు. పదేళ్ళు."

"నేనన్నది మొసలి గురించే కదే!"

"నాకు చెప్తే ఏం లాభమండీ? నేనేమన్నా న్యాయమూర్తినా?"

"ఇక్కడి సంగతి బయటికి పొక్కిందని తేలితే నన్నూ ఎక్కిస్తారు."

"ఎక్కిస్తారు." ఆమె కొలను వైపు చూసింది. "వెళ్ళి చెప్పమని నేననను. వద్దనీ అనను. మీ బావమరిది ఒకటే అడగమన్నాడు. బావ చిన్నవారికి కోడి ఎముకలు తీసి పెడుతున్నాడా అని. నాకు నవ్వొచ్చింది. అక్కడ నిలబడి నవ్వాను. మనుషులు ఎలా అయిపోతారో చూడండి."

కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె వెళ్ళిపోయింది.

తప్పు నోటిదీ చెవిదీ కాదేమోనని కాపరికి మొదటిసారి అనిపించింది. మనిషికీ మృగానికీ ఒకే మాట వాడమన్న రోజున, సరేనండీ అంటూ వంగిన మెడ ఒకటుంది. దాన్ని ఎవరూ విచారణకు పిలవలేదు.

అంతలో ముందు తలుపు తెరుచుకుని పర్యవేక్షకుడు వచ్చాడు. నిండుగా నవ్వుతున్నాడు.

"ఏమోయ్! చిన్నవారు నిన్న మూడు కోళ్ళు లాగించారటగా! పెద్దవారు మహా సంతోషించారు. నీకు మెచ్చుకోలు పత్రం ఇమ్మన్నారు."

"చిత్తమండీ."

"దానికి ముందు చిన్న పని. ఆ పుకార్ల వెధవ నీ బావమరిదట కదా. నిన్ను అనుమానించేదేమీ లేదులే, నీ విశ్వాసం మాకు తెలియందా? ఇదిగో, ఇక్కడొక సంతకం పడేయ్."

కాగితం మీద ఒకే ఒక్క వాక్యం అచ్చయి ఉంది. ఆ వ్యక్తితో నాకు ఎటువంటి సంబంధమూ లేదు. కింద పేరుకు చోటు.

కాపరి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎంత తేలికో అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా రాసిన వాక్యాలన్నిటికంటే ఇది చిన్నది. సంతకం చేస్తే రేపు కూడా ఈ నాచు గీకవచ్చు, పుస్తకంలో భోజనం వివరాలు రాయవచ్చు. ఎల్లుండీ అంతే. ఇంటికి వెళితే ఆమె ఉంటుంది, అన్నం వడ్డిస్తుంది. ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడం పదేళ్ళు సాగుతుంది.

మొసలి నీళ్ళలో ఒకసారి కదిలి ఆగింది.

"ఆలోచనేమిటోయ్? కలం రాయడం లేదా?"

"రాస్తోందండీ," అన్నాడు కాపరి. కాగితాన్ని తిరగేసి, గోడకు ఆనించి, నిలబడే రాయసాగాడు. సోమవారం ఉదయం ఫోనులో ఆ మాటలు అన్నది నేను. అన్నది మొసలి గురించి. నా బావమరిది నా మాట విని పెద్దవారి గురించి అనుకున్నాడు. కల రాలేదు.

భుజం మీదుగా చదువుతున్న పర్యవేక్షకుడి నవ్వు ఆరిపోయింది. "నీకు మతిపోయిందా? మొసలి అని రాస్తావా? కొట్టేయ్! చిన్నవారు అని దిద్దు!"

"దిద్దితే ఎవరి గురించో మళ్ళీ తెలియదండీ," అని, కాపరి కింద సంతకం చేసి కాగితాన్ని అతని చేతిలో పెట్టాడు.