టూరుకెళ్ళిన బండి

"బావగారూ, మీ చెరువు దగ్గర బురదుందా?" అని ఫోన్లో అడిగాడు జయకృష్ణ.

కొల్లేరు పక్కన కాపురం ఉండేవాణ్ణి బురదుందా అని అడిగినవాడు నాకు తెలిసి వాడొక్కడే. ఉందన్నాను. వస్తున్నానని ఫోన్ పెట్టేశాడు.

జయకృష్ణ నా భార్య భాగ్యలక్ష్మికి తమ్ముడు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నకి ఉల్లిపాయల కమిషన్ వ్యాపారం. కొట్లో కూర్చోవలసిన కొడుకు ఓ పెద్ద టూరింగ్ బండి కొన్నాడు. టూరింగ్ అంటే దూరాభారాలు తిరగడానికట. ఆ బండి ప్రతి ఆదివారం గూడెంలో బయల్దేరి దెందులూరు దగ్గర హైవే హోటల్ దాకా వస్తుంది. అక్కడ ఇలాంటివే ఇంకో పది బండ్లు నిలబడి ఉంటాయి. ఇడ్లీ తింటారు, బండ్ల పక్కన ఫోటోలు దిగుతారు, ఎండ ఎక్కకముందే ఇళ్ళకి పోతారు. మబ్బు పడితే అదీ లేదు.

సాయంత్రం మా చెరువు గట్టు మీద దిగాడు. మోకాళ్ళకీ మోచేతులకీ డిప్పలున్న కోటు, పిక్కల దాకా బూట్లు, నెత్తిన హెల్మెట్, హెల్మెట్ మీద కెమెరా. ఎరిగిన కుక్కే అయినా అరిచింది.

"రేపు కంపెనీ వాళ్ళొస్తున్నారు బావగారూ. వచ్చే తరం టూరింగ్ బండి ఎలా ఉండాలో రైడర్లనే అడిగి తయారు చేస్తారంట. ఈ వైపు నుంచి ఒక్కణ్ణి ఎంచుతారు. వాడు ఇంటి దగ్గర్నుంచి హిమాలయాల దాకా బండి మీద వెళ్ళాలి. వీడియో తీస్తారు."

"మంచిదే కదా."

"మంచిదేనండి. కానీ మా నాన్న ఏమన్నాడో తెలుసా? ఆ ఒక్కడివి నువ్వయితే బండి ఉంచుకో, కాకపోతే అమ్మేసి కాటా దగ్గర కూర్చో అన్నాడు." చేత్తో పెట్రోల్ ట్యాంకు నిమిరాడు. "ఈ బండి లేకపోతే నేను ఉల్లిపాయల కొట్టువాణ్ణండి. ఇంకేం కాదు."

ఉన్నా అంతేననిపించింది. అనలేదు.

బండి మరీ శుభ్రంగా ఉంది. దేశాలు తిరిగినవాడి బండి అలా ఉండకూడదని వాడి భయం. నా పార పట్టుకుని గట్టు దిగి, నల్లబురద తీసుకొచ్చి పూయడం మొదలెట్టాడు. చక్రాలకి పూశాడు. ఇంజనుకి పూశాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. అద్దాలకీ, పెట్రోల్ ట్యాంకుకీ, చివరికి సీటుకీ పూశాడు. మనిషి కూర్చునే చోటికి రోడ్డు మీద బురద ఏ దారిన వస్తుందో నాకు తెలియలేదు. తిరిగిన కిలోమీటర్లు చూపించే మీటరు మీద మాత్రం శ్రద్ధగా, రెండు పూతలు వేశాడు.

వెనక రెండు పక్కలా గుడ్డ సంచులున్నాయి. వాటి మీద లడఖ్, కన్యాకుమారి, రామేశ్వరం అని స్టిక్కర్లు. ఆన్‌లైన్‌లో కొన్నవే. సంచులు ఖాళీగా వేలాడుతున్నాయి.

"అక్కా, రెండు తలగడలియ్యవే," అన్నాడు ఇంటికొచ్చి.

"ఏరా, దారిలో నిద్రొస్తుందేంటి?" అంది భాగ్యలక్ష్మి. గులాబీ పూల గలేబులున్నవి రెండు తెచ్చిచ్చింది. "తడిపి తెచ్చావంటే ఊరుకోను."

తలగడలు కుక్కాక సంచులు బలిశాయి. బండి చూస్తే ఇప్పుడే మంచుకొండలు దిగివచ్చినట్టుందని వాడే అన్నాడు.

మర్నాడు నన్నూ దెందులూరు రమ్మన్నారు. కొల్లేరు గట్ల మీద దారి చూపించడానికి. నా పాత మోపెడ్ వేసుకుని వెళ్ళాను. దాన్ని ఆ బండ్ల వరసలో పెట్టబోతే వాచ్‌మన్ వెనక్కి పెట్టమన్నాడు. పెట్టాను.

కంపెనీ నుంచి వచ్చినాయన పేరు రాజేష్. కుర్రాడే. తెల్లటి బూట్లు. అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, "చెప్పండి సార్, వచ్చే బండిలో మీకేం కావాలి?" అన్నాడు.

ముందు వెంకట్రాజుగారు అందుకున్నారు. ఆయన ఏలూరులో టైల్స్ షాపు ఓనరు, ఈ క్లబ్బుకి ప్రెసిడెంటు. "సీటు చల్లబడాలండి. కార్లో ఏసీ ఉంటది కదండీ, అలాగ. ఎండలో కూర్చోలేకపోతున్నాం."

"చలికాలం వేడెక్కాలి కూడానండి," అన్నారు పక్కనాయన. మా వైపు చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం.

"ముందు లారీ ఉంటే దానంతటదే స్లో అవ్వాలండి."

"గేర్లు వాటంతటవే పడాలి."

"పెద్ద టీవీ లాంటిది ఉండాలండి ముందర. దారి చూపించాలి, పాటలు రావాలి, ఫోనొస్తే ఎవరో కనపడాలి."

జయకృష్ణ వంతు వచ్చింది. చొక్కా సర్దుకుని, "ఆగినప్పుడు పడిపోకుండా దానంతటదే నిలబడాలండి," అన్నాడు. అందరూ అవునవునన్నారు. ఆ అవునవును మాత్రం గుండెల్లోంచి వచ్చింది.

బండి తనంతట తాను నడిచి, తనంతట తాను ఆగి, నిలబడి, దారి కూడా తానే చూసుకుంటే మధ్యలో ఈ మనుషులు దేనికో నేను టీ తాగుతూ ఆలోచించాను. బరువుకే అయితే బస్తా కట్టినా సరిపోతుంది.

జయకృష్ణ భార్య మేఘన ఆ రోజు వెనకాలే కారులో వచ్చింది. "ఏవండీ, వెనక కూర్చునేవాళ్ళని అడగరా?" అంది రాజేష్‌ని. "ఆ సీటు మీదకి ఎక్కాలంటే నిచ్చెన కావాలి. పట్టుకుందామంటే ఏమీ ఉండదు. పెళ్ళయ్యాక ఒక్కసారి ఎక్కాను, గుండుగొలనులో దిగి బస్సెక్కాను."

బల్ల చుట్టూ నవ్వారు. "దానికి వేరే సర్వే ఉంటుంది మేడమ్," అన్నాడు రాజేష్. ఆవిడ దోసె మీద పడింది.

"మీరెన్ని కిలోమీటర్లు తిరిగారు సార్?" అని అడిగాడు జయకృష్ణని.

"లెక్కెట్టుకోలేదండి," అన్నాడు వాడు, తల వంచుకుని. పెద్ద పెద్ద స్వాములు మాట్లాడినట్టే మాట్లాడాడు.

రాజేష్‌కి కొల్లేరు కావాలి. నీళ్ళు, కొంగలు, మధ్యలో బండి. మిగతావాళ్ళకి ఎండెక్కింది, ఇళ్ళకి పోయారు. మేం ముగ్గురం బయల్దేరాం. ముందు నా మోపెడ్, వెనక జయకృష్ణ. రాజేష్ నా వెనక సీటు మీద అటు తిరిగి కూర్చుని, నా వీపుకి వీపు ఆనించి కెమెరా పట్టుకున్నాడు. కొత్త తరం బండిని వీడియో తీయడానికి నా మోపెడే పనికొచ్చింది. దాని వెనక సీటు మీద చేపల మేత బస్తాలు వేసి వేసి అలవాటు, మనిషి ఎటు తిరిగి కూర్చున్నా దానికి పట్టింపు లేదు.

తారు రోడ్డు దాటాక గట్టు. రెండు పక్కలా చేపల చెరువులు. గట్టు ఇరుకు. ముందురోజే ఎక్కడిదో పూడిక తీసి దాని మీద వేశారు, పైన ఆరింది గానీ లోపల మెత్తగా ఉంది. నేను వెళ్ళిపోయాను. సగం దూరం వెళ్ళాక ఎదురుగా బాతులు వచ్చాయి.

ఒకటీ రెండూ కాదు. కోసిన చేలల్లో మేపడానికి తోలుకుపోయే మంద. గట్టు నిండా, గట్టు అంచుల దాకా బాతులే. నేను మోపెడ్ దిగి, రాజేష్‌ని దింపి, బండిని అంచుకి చేర్చి నిలబడ్డాను. మమ్మల్ని చుట్టుకుని, కాళ్ళ సందుల్లోంచి పోయాయి. జయకృష్ణ బండి దగ్గర ఆగాయి. ఆ బండి, దాని సంచులతో, గట్టంతా అదే.

మంద వెనకాల కర్ర పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. "ఏవండీ, కాస్త పక్కకి తియ్యండి. ఎండెక్కిపోతంది."

"పక్కకి చోటు లేదయ్యా," అన్నాడు జయకృష్ణ, హెల్మెట్ లోంచి.

"పోనీ వెనక్కి తియ్యండి బాబూ."

"ఇది వెనక్కి రాదు."

ముసలాయన బండిని ముందు నుంచి వెనక దాకా చూశాడు. "ముందుకీ పోదు, పక్కకీ పోదు, వెనక్కీ రాదు. మరి ఇంత దూరం దేనికొచ్చిందండీ?"

జయకృష్ణ హారన్ కొట్టాడు. అదే చేసిన తప్పు. బాతులన్నీ ఒక్కసారి రెక్కలు విదిల్చి బండి మీద పడ్డాయి. వాడు కాలు కింద పెట్టాడు. సీటు ఎత్తు, అందింది మునివేళ్ళకే, అదీ మెత్తటి మట్టిలోకి దిగిపోయింది. బండి పడిందనడం కూడా పెద్ద మాట. గేదె పడుకున్నట్టు నిదానంగా, తీరుబడిగా, ఒక పక్కకి ఒరిగింది. వాడు దాన్నుంచి బయటికి నడిచి వచ్చినట్టే వచ్చాడు. దెబ్బ తగల్లేదు.

కింద నలిగిన సంచి జిప్పు తెగింది. గులాబీ పూల తలగడ ఒకటి గట్టు మీంచి దొర్లి చెరువులో పడింది. కాసేపటికి ఒక బాతు దాని మీదకెక్కి నిలబడింది.

రాజేష్ కెమెరా ఇంకా నడుస్తోంది. జయకృష్ణ హెల్మెట్ తీసి నా వంక చూశాడు. వాడి ముఖంలో బండి అప్పటికే అమ్ముడైపోయింది, కాటా ముందు ముక్కాలి పీట వేసి ఉంది.

"పరుపు కూడా తెచ్చారాండీ?" అన్నాడు ముసలాయన.

నలుగురం పట్టి లేపాం. ముసలాయనే కర్రతో తలగడని ఒడ్డుకి లాగి ఇచ్చాడు. జిప్పు తెగిన సంచి పనికిరాక, జయకృష్ణ దాన్ని పొడి తలగడ ఉన్న సంచిలోనే కుక్కాడు. బాతులు వెళ్ళిపోయాయి. బండి తిప్పడానికి చోటు లేక, ఆ మెత్తటి మట్టిలో మళ్ళీ ఎక్కే ధైర్యం వాడికి లేక, గట్టు చివరిదాకా తోసుకుపోవలసి వచ్చింది. వాడు హ్యాండిల్ పట్టుకున్నాడు, నేను వెనక నుంచి తోశాను. చెమటకి వాడు పూసుకొచ్చిన బురద నా చొక్కాకి అంటింది.

తిరుగుదారిలో జయకృష్ణ దూరంగా, చాలా దూరంగా వస్తున్నాడు. రాజేష్ నా వెనక మళ్ళీ అటు తిరిగే కూర్చున్నాడు. వీపు కదులుతోంది. నవ్వుతున్నాడు.

"తేలిపోయింది కదండీ," అన్నాను నేను.

"ఏం తేలిందండీ?"

"మా వాడెక్కడికీ వెళ్ళలేదని."

"అదా? మీటరు మీద బురద చూసినప్పుడే తెలిసిందండి. ఇంకో ఊళ్ళో ఒకాయనైతే మీటరు మీద ఏకంగా టేపే వేసుకొచ్చాడు." కెమెరా మూత బిగించాడు. "నిజంగా తిరిగేవాళ్ళు మాకెందుకండీ? ఈ మధ్య ఒక పెద్దాయన్ని అడిగాం. బతుకంతా రోడ్డు మీదే ఉన్నాడు. బరువు తగ్గించండి, ఏ పల్లెలో పంక్చరైనా వేయించుకునేట్టు ఉండాలి, నాకింకేం వద్దన్నాడు. ఉన్న బండి బాగానే ఉందంట, కొత్తది కొనడంట. ఆయనకి మేం ఏం అమ్ముకోవాలండీ?"

దారిలో గుంట వస్తే మోపెడ్ పక్కకి తిప్పాను.

"మీ బావమరిదిగారిని చూడండి. అన్నీ కావాలంటున్నారు. కొంటారు కూడా. మనిషి ఫోటోకి బాగుంటారు. బాతులొచ్చిన సీను చాలా బాగొచ్చిందండి."

"తలగడ?"

"ఎడిటింగ్‌లో పోతుంది."

కొంచెం దూరం పోయాక అడిగాను. "వీళ్ళంతా చెప్పినవి పెట్టి ఆ బండి ఎప్పటికి చేస్తారు?"

"చేయడం ఎప్పుడో అయిపోయిందండి. అడగడమే ఇప్పుడు."

ఆ మాట జయకృష్ణకి నేను చెప్పలేదు. చెప్పినా వాడికి బాధ కలిగేది కాదు.

వారం తిరక్కుండానే వాణ్ణే ఎంచుకున్నారని కబురొచ్చింది. మావగారు చలపతిరావుగారు మార్కెట్లో కొట్టు కొట్టుకీ స్వీటు పంచారు. బండి ఉంచుకోవచ్చన్నారు. మాట మీద నిలబడే మనిషి. అయితే బయల్దేరే రోజు నాకు ఫోన్ చేసి, "అల్లుడుగారూ, మీరోసారి గూడెం రావాలి. బండి ఎక్కించాలి," అన్నారు.

ఎక్కించడమేమిటో మోపెడ్ వేసుకుని వెళ్ళాక తెలిసింది. కొట్టు ముందు ఉల్లిపాయల లారీ నిలబడి ఉంది. నాసిక్ నుంచి సరుకు దింపి ఖాళీగా పోయే లారీ.

"ఎలాగూ ఖాళీగా పోయేదే కదండీ," అన్నారు మావగారు. "నాసిక్ దాకా ఇందులో పోద్ది. అక్కణ్ణుంచి ఢిల్లీకి ఇంకో లారీ మాట్లాడాను. ఆ పై కొండల దాకా కంపెనీ వాళ్ళే చూసుకుంటారంట."

"జయకృష్ణో?"

"గన్నవరంలో విమానం. అంత దూరం బండి మీదంటే నడుం పోదాండీ?"

జయకృష్ణ డిప్పల కోటు వేసుకుని లారీ పక్కన నిలబడి ఉన్నాడు. అప్పటికే ఇంటి గుమ్మంలోంచి బండి మీద బయల్దేరుతున్నట్టు వీడియో తీయించుకున్నాడు. మేఘన హారతి ఇచ్చిందట. సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడట.

"నువ్వూ వెళ్తున్నావా అమ్మా?" అని అడిగాను మేఘనని.

"నాకు వేరే సర్వే ఉంది కదా అన్నయ్యగారూ," అంది. లారీ వంక ఓసారి చూసి, "పది రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటది," అంది.

హమాలీలు అడ్డబల్ల వేసి బండిని పైకి తోశారు. ఉల్లి పొట్టు మీద నిలబెట్టి తాళ్ళు బిగించారు. గీతలు పడకుండా తాడు కింద పెట్టడానికి మెత్తటిదేదైనా కావాలన్నారు. తమ్ముడికే ఇచ్చెయ్యమని భాగ్యలక్ష్మి పంపిన తలగడలు రెండూ ఇచ్చాను. ఎన్నిసార్లు ఉతికినా చేపల వాసన పోలేదని ఆవిడ వాటిని ఇంట్లోకి రానివ్వడం లేదు. టూరు ప్రాప్తం వాటికీ ఉంది.

లారీ డ్రైవరు పైకెక్కి చూశాడు. పెట్రోలుతో ఎక్కించుకోనన్నాడు. ఆ ట్యాంకు మూత తీసి, పైపు పెట్టి లాగే పని నా మీద పడింది. క్యాన్లు రెండు నిండినా ఇంకా వస్తూనే ఉంది.

డ్రైవరు కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు. మెరుస్తున్న బండిని, కోటు వేసుకున్న జయకృష్ణని మార్చి మార్చి చూశాడు. "కొత్తదానిలాగే ఉంది. ఏం పాడైందండీ దీనికి?"

జయకృష్ణ హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాడు. మావగారు కాటా వైపు తిరిగారు.

"ఏం పాడవలేదు," అన్నాను నేను. "టూరుకెళ్తోంది."

లారీ కదిలింది. క్యాన్లు రెండూ మోపెడ్‌కి కట్టుకున్నాను. నెల పైన ఆ పెట్రోలు మీదే తిరిగాను, చెరువుకీ, మేత కొట్టుకీ, ఆ బాతుల గట్టు మీదకీ.